బెంగళూరు ఫ్లాట్‌లో మట్టి లేకుండా ఆకులు: డబ్బానా, బకెట్టా, పైపులా, రెడీమేడ్ కిట్టా?

"ఏ కిట్ కొనమంటారు?" హైడ్రోపోనిక్స్, అంటే మట్టి లేకుండా నీళ్లలో మొక్కలు పెంచడం, అనగానే అందరూ మొదట అడిగేది ఇదే. నిజానికి ఇది మూడో ప్రశ్న. మీ కొళాయిలో వచ్చేవి ఏ నీళ్లన్నది మొదటిది. మీ వంటింట్లో వారానికి ఏ ఆకు ఎంత అవుతుందన్నది రెండోది. ఈ రెండూ తేలితే కిట్ సంగతి దానంతటదే తేలిపోతుంది. చాలా ఇళ్లలో చివరికి తేలేదేమిటంటే, మూతున్న ఒక ప్లాస్టిక్ డబ్బా చాలు. పది వేలు పెట్టి పైపుల స్టాండు కొననక్కర్లేదు.

ముందు నీళ్లు చూసుకోండి

నీళ్లలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో చూపే టీడీఎస్ పెన్ను ఒకటి కొని, గ్లాసులో కొళాయి నీళ్లు పట్టి ముంచండి. 200 లోపు చూపిస్తే ఆ నీళ్లు నేరుగా వాడుకోవచ్చు. 200 నుంచి 500 మధ్య ఉంటే సగానికి సగం ఆర్వో నీళ్లు కలపండి. 500 దాటితే ఆర్వో నీళ్లతోనే మొదలుపెట్టండి. ఎందుకంటే లెట్యూస్‌కి కావలసిన పోషకాలన్నీ కలిపినా పెన్ను మీద 500, 600 దగ్గరే ఆగాలి. నీళ్లే 500 ఉంటే ఇక పోషకాల మందు కలపడానికి చోటెక్కడ? పైగా ఆ 500లో ఉన్నది మొక్క అడిగినది కాదు, బోరు ఇచ్చినది.

బెంగళూరులో ఇంకో చిక్కుంది. కావేరి తాగునీటి పథకం అయిదో దశ 2024 అక్టోబరులో మొదలై, నగర పాలికలో కలిసిన 110 గ్రామాల వైపు నీళ్లు రావడం మొదలైంది. అయినా బయటి ప్రాంతాల అపార్ట్‌మెంట్లలో కావేరి, బోరు, ట్యాంకరు మూడూ ఒకే సంపులో కలుస్తుంటాయి. ఈ వారం 180 చూపిన కొళాయి వచ్చే వారం 700 చూపించవచ్చు. అందుకే ఒకసారి కొలిచి ఊరుకోకుండా, డబ్బా నింపే ప్రతిసారీ కొలవాలి.

ఎక్కువమంది బోల్తా పడేది మాత్రం సాఫ్ట్‌నర్ దగ్గర. అపార్ట్‌మెంటులో సాఫ్ట్‌నర్ ఉంది, బకెట్టుకి తెల్లచార పట్టదు, కాబట్టి నీళ్లు మంచివే అనుకుంటారు. సాఫ్ట్‌నర్ చేసే పని నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లాక్కుని ఆ చోట సోడియం పెట్టడం. అంటే మొక్కకి పనికొచ్చేవి తీసి, పనికిరానిది ఇస్తుంది. టీడీఎస్ ఇంచుమించు తగ్గదు. సబ్బు బాగా నురగొస్తూ, పెన్ను మాత్రం 600 చూపిస్తుంటే అవి సాఫ్ట్‌నర్ నీళ్లే. వాటితో లెట్యూస్ వేస్తే ఆకు అంచులు మాడతాయి. ఇక్కడ ఆర్వో తప్ప దారి లేదు. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్లను మాత్రం డబ్బాలో పోయకండి. ఉప్పంతా చేరేది వాటిలోనే. గచ్చు కడుక్కోవడానికి పట్టుకోండి.

రెండోది: ఏం తింటారు

కొత్తిమీర కోసం ఇదంతా పెట్టుకునేవాళ్లకి ఒక మాట. సొప్పు (ఆకుకూరల) బండి మీద కట్ట తెచ్చుకుంటే అయ్యే ఖర్చుకి ఇంట్లో ఎల్ఈడీ దీపం కింద కొత్తిమీర పండదు. కోసిన పది నిమిషాల్లో చారులో వేసుకోవాలన్న ముచ్చట ఉంటే సరే, లెక్క చూసుకుంటే నష్టమే. కొత్తిమీరకి తల్లివేరు, నారు పీకి నాటితే అలుగుతుంది. గింజలో నిజానికి రెండు విత్తనాలుంటాయి. అప్పడాల కర్రతో తేలిగ్గా నొక్కి రెండుగా విడగొట్టి, ఒక రాత్రి నానబెట్టి, ఏ కప్పులో పెరగాలో ఆ కప్పులోనే పది పన్నెండు పప్పులు వేయాలి. మొలకకు 7 నుంచి 10 రోజులు, కోతకు 40 రోజుల పైనే. వేడి తగిలితే ఆకు సన్నబడి పూతకొస్తుంది. హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఆర్ ఇచ్చిన 'అర్క ఈషా' రకం పలుమార్లు కోసుకోవడానికి వీలైనది. ఎలాగూ వేద్దామనుకుంటే అది వేయండి.

లెక్క కుదిరేవి లెట్యూస్, బేసిల్, పుదీనా. మొదటి రెండూ దుకాణంలో ఖరీదు, రెండు రోజుల్లో వడలిపోతాయి. పుదీనాకి విత్తనం గొడవే లేదు. కూరకి తెచ్చిన కట్టలోంచి లేత కొమ్మలు నాలుగు తీసి, కింది ఆకులు దూసి, గ్లాసు నీళ్లలో పెడితే వారం పది రోజుల్లో వేళ్లొస్తాయి. కానీ పుదీనాని లెట్యూస్‌తో ఒకే డబ్బాలో పెట్టకండి. లెట్యూస్‌కి ఈసీ (నీళ్లలో కరిగిన పోషకాల గాఢతని చెప్పే కొలత) 0.8 నుంచి 1.2 చాలు, పుదీనా 2 దాకా అడుగుతుంది. పైగా దాని వేళ్లు నెలలో డబ్బా అంతా అల్లుకుని పక్కవాటికి చోటు మిగల్చవు.

పాలకూర, తోటకూర బాగానే వస్తాయి. గోంగూర మనిషెత్తు పెరిగే మొక్క, దీపం కింద దాన్ని పెట్టడం దానికీ మనకీ కష్టమే. బాల్కనీలో పన్నెండంగుళాల కుండీ, మట్టి చాలు. కరివేపాకు చెట్టు. దాని జోలికి వెళ్లొద్దు.

ఇప్పుడు నాలుగు పద్ధతులు

కరెంటు అక్కర్లేని డబ్బా పద్ధతిని హవాయి విశ్వవిద్యాలయంలో బెర్నార్డ్ క్రాట్కీ ప్రచారంలోకి తెచ్చాడు. అందుకే దీన్ని క్రాట్కీ అంటారు. డబ్బా నిండా పోషకాలు కలిపిన నీళ్లు, మూతకి రంధ్రాలు, రంధ్రాల్లో జాలీ కప్పులు. మొక్క నీళ్లు తాగేకొద్దీ మట్టం దిగుతుంది, పైన గాలి చోటు పెరుగుతుంది. ఆ చోటులో వేలాడే వేళ్లు గాలి పీలుస్తాయి, కింద మునిగిన వేళ్లు నీళ్లు తాగుతాయి. పంపు లేదు, చప్పుడు లేదు. ఒక లెట్యూస్ నాటిన నాటి నుంచి కోసేదాకా తాగేది సుమారు 4 లీటర్లు, కాబట్టి 20 లీటర్ల డబ్బాకి అయిదు మొక్కలు లెక్క. ఆరో రంధ్రం పెట్టాలని చెయ్యి దురద పెడుతుంది, పెట్టకండి.

ఈ పద్ధతి చెడేది ఒకే చోట: మట్టం తగ్గింది కదా అని మళ్లీ మూతదాకా నింపడం. గాలికి అలవాటు పడ్డ వేళ్లు మునిగి ఊపిరాడక కుళ్లుతాయి, రెండు రోజుల్లో మొక్క వాలిపోతుంది. చూసేవాళ్లకి అది నీళ్లు చాలక వాలినట్టే ఉంటుంది. దాంతో ఇంకా పోస్తారు. పోయక తప్పకపోతే సగం బలం కలిపిన నీళ్లు, పైన కనీసం నాలుగు చేతివేళ్ల మందం గాలి చోటు వదిలి పోయండి.

గాలి పంపు బకెట్‌లో మట్టం ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. వేళ్లకి గాలి అక్వేరియం పంపు, బుడగలు వదిలే రాయి (ఎయిర్ స్టోన్) ఇస్తాయి. మొక్క క్రాట్కీ కంటే చురుగ్గా పెరుగుతుంది. పుదీనా, బేసిల్ లాగా నెలల తరబడి కోస్తూ ఉండేవాటికి ఇదే సరైనది, ఎందుకంటే నీళ్లు మార్చుకుంటూ పోవచ్చు. 5 వాట్ల పంపు రోజంతా తిరిగినా నెలకి నాలుగు యూనిట్ల లోపే. ధర కంటే చప్పుడు ఎక్కువ బాధిస్తుంది. పడకగదిలో అయితే పంపు కింద పాత తువ్వాలు మడిచి పెట్టాలి. పంపుని నీటి మట్టం కంటే ఎత్తులో పెట్టండి, లేదా గొట్టంలో వెనక్కి రానివ్వని వాల్వు వేయండి. కరెంటు పోగానే బకెట్‌లో నీళ్లు గొట్టం గుండా వెనక్కి పారి పంపులోకి, అక్కణ్నుంచి ప్లగ్‌లోకి రాకూడదు.

దీనికి అసలు శత్రువు వేడి. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది, 25 డిగ్రీలు దాటితే పిథియం అనే వేరుకుళ్లు తెగులు చెలరేగుతుంది. తెల్లగా ఉండాల్సిన వేళ్లు గోధుమ రంగుకి తిరిగి, పట్టుకుంటే పై తోలు జారి వస్తుంది, మురుగు వాసన కొడుతుంది. బెంగళూరులో ఏడాదిలో ఎక్కువ నెలలు ఈ భయం లేదు. మార్చి చివర నుంచి మే దాకా మాత్రం నీటి సీసా గడ్డకట్టించి బకెట్‌లో దించండి. ఒక లీటరు మంచు 20 లీటర్ల నీళ్లని సుమారు 4, 5 డిగ్రీలు దించుతుంది. ఇదే బకెట్ చెన్నైలో మేలో పెడితే ఏసీ గదిలో తప్ప లెట్యూస్ ఆశ పెట్టుకోవద్దు. అక్కడ తోటకూర, బచ్చలి వైపు పోవడమే తెలివి.

పైపుల స్టాండు, అంటే ఎన్ఎఫ్‌టీ, ఫొటోల్లో చూసి అందరూ మనసు పారేసుకునేది. తెల్ల పైపుల్లో పలచగా నీళ్లు పారుతుంటాయి, కింద తొట్టి, దాంట్లో పంపు. నలభై మీటర్లకి ఒక మీటరు వాలు, ఒక్కో పైపుకి నిమిషానికి 1 నుంచి 2 లీటర్లు, ఇవి కుదిరితే మొక్కలు గొప్పగా వస్తాయి. కానీ వేళ్ల దగ్గర నిల్వ నీళ్లుండవు. కరెంటు పోయి పంపు ఆగితే వేసవి మధ్యాహ్నం కొన్ని గంటల్లోనే మొక్కలు వాడతాయి. అపార్ట్‌మెంటు జనరేటరు మీ గదిలోని ఆ ప్లగ్‌కి కరెంటు ఇస్తుందో లేదో ముందే చూసుకోండి. చాలా చోట్ల కొన్ని లైట్లకీ ఫ్యానులకే ఇస్తారు. 30 వాట్ల పంపు రోజంతా తిరిగితే నెలకి 21 యూనిట్లు దాటుతుంది. కొన్ని నెలలకి వేళ్లు పైపుకి అడ్డంపడి, నీళ్లు మూతల్లోంచి పొంగి చెక్క ఫ్లోరింగ్ మీదికి వస్తాయి. టెర్రస్ ఉండి, ముప్పై మొక్కలు నిజంగా తినేవాళ్లుండి, ఇన్వర్టరు లైను ఉంటే కొనండి. హాల్లో మూలకి మాత్రం వద్దు.

వంటింటి గట్టు మీద పెట్టుకునే రెడీమేడ్ కిట్‌లో దీపం, టైమరు, చిన్న పంపు, విత్తనాల గుళికలు అన్నీ వస్తాయి. అందంగా ఉంటుంది. పిల్లలు రోజూ చూస్తారు. తొట్టి మాత్రం 3, 4 లీటర్లే. ఆరు మొక్కలు పెద్దవైతే రోజుకి ముప్పావు లీటరు పైనే తాగుతాయి, నాలుగో రోజుకి మిషను మోగుతూ ఉంటుంది. దీపం ఎత్తు పెరిగే కడ్డీ ఎంతో చూసి కొనండి. 30 సెంటీమీటర్లే అయితే బేసిల్ నెలన్నరలో దీపానికి తగిలి మాడుతుంది. తయారీదారు గుళికలు తప్ప వేరేవి పట్టవంటే ఆ కిట్ వదిలేయండి. మామూలు కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) బిళ్లలు, మామూలు మందు వాడుకోగలిగినదే కొనాలి.

దీపం లెక్క

కిటికీ పక్కన పెడితే చాలదా? తూర్పు బాల్కనీలో ఉదయం పూట నాలుగు గంటల సేపు ఎండ పడితే చాలు. గది లోపల, కిటికీకి రెండు మీటర్ల దూరంలో అయితే మన కంటికి వెలుతురుగానే ఉంటుంది, మొక్కకి మాత్రం చీకటి. జూన్ నుంచి మబ్బు పట్టాక ఇంకా ఘోరం. నారు దారంలా సాగి వాలిపోతే వెలుతురు చాలలేదని అర్థం.

గులాబీ రంగు 'గ్రో లైట్' అక్కర్లేదు, తెల్ల ఎల్‌ఈడీ సరిపోతుంది. లెట్యూస్ రోజుకి 12 మోల్స్ (రోజంతా మొక్క మీద పడే వెలుతురు కొలత) వెలుతురు కోరుతుంది. తెల్ల ఎల్‌ఈడీ కింద 16 గంటలకి అది ఆకు దగ్గర సుమారు 14,000 లక్స్. ఫోనులో లక్స్ మీటరు యాప్ పెట్టి, ఆకుల ఎత్తులో ఫోను పడుకోబెట్టి చూడండి. ఫోను లెక్క కచ్చితంగా ఉండదు గానీ, 3,000కీ 14,000కీ తేడా అయితే చెబుతుంది. రెండడుగుల పొడవు, అడుగుంపావు వెడల్పు డబ్బా మీద 10 వాట్ల రెండడుగుల బ్యాటన్లు (ట్యూబులైటు లాంటి దీపాలు) నాలుగు 15 సెంటీమీటర్ల ఎత్తులో కడితే దాదాపు 10,000 లక్స్ వస్తుంది. లెట్యూస్ పెరుగుతుంది, కాస్త నెమ్మదిగా. ఆరు కడితే సరిపోతుంది. ఆరింటికి నెలకి 29 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే రెండొందలు. ఆ రెండొందల కింద అయిదు లెట్యూస్‌లు వస్తాయి, కొత్తిమీర అయితే రెండు గుప్పిళ్లు. బ్యాటన్లు, టైమరు ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డులో ఒకే చుట్టులో దొరుకుతాయి.

డబ్బా కట్టే తీరు

లోపలికి వెలుతురు పోని 20 లీటర్ల డబ్బా తీసుకోండి. పారదర్శకమైనదే ఉంటే బయట ముందు నల్ల రంగు, దాని మీద తెల్ల రంగు వేయండి. నలుపు వెలుతురుని ఆపుతుంది, తెలుపు వేడిని. వెలుతురు తగిలితే పోషకాల నీళ్లలో వారంలో నాచు పడుతుంది.

రెండంగుళాల జాలీ కప్పు అంచు కింద మెడ కొలిచి, అంతే సైజు హోల్ సాతో (డ్రిల్లుకి తగిలించే గుండ్రటి రంపం) మూతలో రంధ్రాలు వేయండి. ఒక రంధ్రం మధ్య నుంచి ఇంకో రంధ్రం మధ్యకి 18 సెంటీమీటర్లు. ఇనుప గ్లాసు కాల్చి గుచ్చే పద్ధతి వద్దు. పొగ చెడ్డది, రంధ్రం వంకర వస్తుంది, కప్పు పక్కన సందు మిగులుతుంది. ఆ సందులోంచి దోమ దిగుతుంది. కర్ణాటక 2024లో డెంగీని అంటువ్యాధిగా ప్రకటించి, ఇళ్లలో దోమలు పెరగనిచ్చేవారికి జరిమానాలు పెట్టింది. వాడని రంధ్రానికి స్పాంజి ముక్క కుక్కండి, వారానికోసారి టార్చి వేసి లోపల తోకపురుగులున్నాయేమో చూడండి.

లెట్యూస్ గింజని తడి కోకోపీట్ బిళ్ల మీద పైపైన పెట్టాలి, పూడ్చకూడదు. దానికి మొలకెత్తడానికీ వెలుతురు కావాలి. 28 డిగ్రీలు దాటితే గింజ నిద్రపోతుంది. ఏప్రిల్‌లో బిళ్లలని డబ్బాలో పెట్టి రెండు రాత్రులు ఫ్రిజ్ కింది అరలో ఉంచి తీస్తే లేస్తుంది. మూడు నాలుగు ఆకులొచ్చాక, బిళ్ల కింద వేరు కనిపించాక కప్పులోకి మార్చండి. చుట్టూ కాల్చిన మట్టి గోళీలు నింపండి. మొదట్లో నీళ్లు కప్పు అడుగు ఒక సెంటీమీటరు తడిసేలా ఉండాలి.

మందు ఎప్పుడూ ఏ, బీ అని రెండు సీసాల్లో వస్తుంది. ఒకదాంట్లో కాల్షియం, రెండోదాంట్లో సల్ఫేటూ ఫాస్ఫేటూ. చిక్కగా ఉన్నప్పుడు రెండూ కలిస్తే సున్నంలా అడుగున పడుతుంది, మొక్కకి అందదు. ముందు నీళ్లు, తర్వాత ఏ, బాగా కలియతిప్పి, ఆ తర్వాత బీ. సీసా మీద చెప్పిన మోతాదులో సగంతో మొదలుపెట్టి పెన్ను చూస్తూ పెంచండి. పెన్ను ఏ లెక్కలో చూపిస్తోందో కూడా తెలుసుకోవాలి. ఈసీ 1.2 అనేది ఒక పెన్నులో 600, ఇంకో పెన్నులో 840 అని వస్తుంది, ఎందుకంటే గుణించే సంఖ్య వేరు. వీలైతే ఈసీలోనే చూపించే పెన్ను కొనండి.

నర్సరీలో చవగ్గా దొరికే 19-19-19 పొడితో పని జరుగుతుందని కొందరంటారు. జరగదు. అందులో కాల్షియం లేదు, నత్రజనిలో సగానికి పైగా యూరియా. మట్టిలో సూక్ష్మజీవులు దాన్ని మార్చి ఇస్తాయి, ప్లాస్టిక్ డబ్బాలో ఆ పని చేసేవాళ్లెవరూ లేరు.

పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం కొలత) 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. బోరు నీళ్లలోని బైకార్బొనేట్ దాన్ని రోజూ పైకి లాగుతుంది. నిమ్మరసం పిండితే ఒక పూట దిగి మళ్లీ ఎక్కుతుంది. ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేసిన పీహెచ్ డౌన్ చుక్కచుక్కగా వేసి, కలిపి, పావుగంట ఆగి కొలవండి. కొత్త ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే ఇనుము అందట్లేదు. ఇనుము సీసా కొనే ముందు పీహెచ్ చూడండి, పదింట తొమ్మిదిసార్లు అది 7 దాటి ఉంటుంది. లెట్యూస్ లేత ఆకుల కొసలు మాడితే కాల్షియం కొనకండి, చిన్న ఫ్యాను పెట్టండి. ఆకు మీద గాలి ఆడకపోతే నీరు ఆవిరవదు. ఆవిరవకపోతే ఉన్న కాల్షియం కొసదాకా ఎక్కదు.

ఎవరికి ఏది

రోజూ చూసే తీరిక లేక, వారానికి రెండుసార్లు సలాడ్ తినేవాళ్లకి క్రాట్కీ డబ్బాలు రెండు. మొదటిది నాటిన మూడు వారాలకి రెండోది నాటండి, కోత ఆగకుండా వస్తుంది. పుదీనా పచ్చడి, బేసిల్ తరచూ వాడేవాళ్లకి గాలి పంపు బకెట్ ఒకటి, ఒక్కో బకెట్‌లో ఒకే జాతి, నీళ్లు రెండు మూడు వారాలకోసారి పూర్తిగా మార్చాలి. అద్దె ఇంట్లో ఉండి, గోడకి మేకు కొట్టనివ్వని ఓనరు ఉంటే, ఎండ పడే కిటికీ కూడా లేకపోతే, రెడీమేడ్ కిట్ ధర పెట్టడంలో అర్థముంది. మెంతి మొలకలు తింటే చాలనుకునేవాళ్లకి ఇవేవీ వద్దు. తడి కోకోపీట్ పరిచిన పళ్లెంలో చల్లితే పది పన్నెండు రోజుల్లో కోసుకోవచ్చు, మందు కూడా అక్కర్లేదు.

సంక్రాంతికి పది రోజులు ఊరెళ్తారు కదా, ఆ పది రోజులనీ ఇప్పుడే లెక్కలో పెట్టండి. క్రాట్కీ డబ్బా ఏమీ అనదు, మట్టం సగానికి పైన ఉంటే వదిలి వెళ్లొచ్చు. బకెట్‌ని నిండా నింపి, పుదీనాని సగానికి కత్తిరించి వెళ్తే కరెంటు ఒకటి రెండు పూటలు పోయినా తట్టుకుంటుంది. కత్తిరించినది ఊరికి పట్టుకెళ్లండి. గట్టు మీది కిట్‌కి పక్కింటివాళ్లకి తాళం ఇవ్వాలి. పైపుల స్టాండు అయితే తాళంతో పాటు, కరెంటు పోతే ఫోను చేయమని కూడా చెప్పాలి.